పార్కింగ్ దాకా

పోచయ్య చూడని ఊరు లేదు. ఇది ఆయన చెప్పుకునే గొప్ప కాదు, నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో ఆయన ఉండే గల్లీలో ఎవరినడిగినా ఇదే మాట అంటారు. శ్రీశైలమా, సాగరా, అనంతగిరా, లక్నవరమా, మీరు పేరు చెప్పడమే ఆలస్యం, దారిలో ఏ మలుపు దగ్గర రోడ్డు గుంతలు పడిందో, ఏ హోటల్లో పూరీ పొంగుతుందో, ఏ బంకులో గాలి సరిగ్గా కొడతారో గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. కొత్తగూడలో రామచంద్రం నడిపే ట్రావెల్స్‌లో టెంపో ట్రావెలర్ డ్రైవరు ఆయన. మామూలు రోజుల్లో కంపెనీ ఉద్యోగుల్ని ఇళ్ల నుంచి ఆఫీసులకూ ఆఫీసుల నుంచి ఇళ్లకూ చేరవేస్తాడు. నాలుగు సెలవులు కలిసొచ్చాయంటే మాత్రం ఆ బండి ఔటర్ రింగు దాటాల్సిందే.

అయితే ఉన్న మాట దాచడమెందుకు. పోచయ్య ఆ ఊళ్లన్నీ చూసింది పార్కింగ్ దాకానే.

బండి మాట్లాడుకున్న వాళ్లను ట్రావెల్స్ భాషలో పార్టీ అంటారు. పార్టీ దిగి, బిలబిలమంటూ గేటు లోపలికి వెళ్లిపోతుంది. డ్రైవరు బండిని నీడకు పెట్టి, అద్దాలు తుడిచి, సీటు వెనక్కి వాల్చి, తువ్వాలు మొహాన కప్పుకుంటాడు. ఇలా ఉండాలని ఎవరూ చట్టం చేయలేదు. బండిలో సామాన్లుంటాయి, పెద్దావిడకు మోకాళ్ల మందు గుర్తొస్తుంది, చంటిపిల్లకు పాలసీసా కావాలి, కనుక బండి దగ్గర మనిషి ఉండాలి. హోటళ్లలోనూ అంతే. పార్టీ ముందు హాల్లో కూర్చుంటుంది, డ్రైవర్లు వెనక వంటింటి పక్క బల్ల దగ్గర తింటారు. గిరాకీ తెచ్చిన డ్రైవరుకు హోటలు వాళ్లు తిండి ఊరికే పెడతారు. ఇంకో పద్ధతి ఉంది, అన్నిటికంటే గట్టిది. వెనక సీట్లలో ఎవరేం మాట్లాడుకున్నా డ్రైవరు నోరు పెట్టకూడదు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోనీ, భువనగిరి గుట్టను చూపించి ఇదే గోల్కొండ అని పిల్లలకు చెప్పుకోనీ, డ్రైవరు రోడ్డు చూడాలి. పోచయ్య ఈ పద్ధతులన్నీ ఒంటబట్టించుకున్న మనిషి కాబట్టే మంచి డ్రైవరని పేరొచ్చింది. నోటిని కట్టేసుకున్నాడు గాని చెవుల్ని ఎవరు కట్టేసుకుంటారు చెప్పండి. ఆ చెవులే ఆయన కొంప ముంచాయి.

కోకాపేట టవర్లలో ఉండే పార్థసారథి గారిది పోచయ్యకు వాడుక పార్టీ. కాకినాడ వైపు వాళ్లు. ఆయన సచివాలయంలో ఉద్యోగి, మాట్లాడితే ఏం పోతుందోనన్నంత పొదుపు మనిషి. ఆ లోటు ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు తీరుస్తుంది. ఎక్కడికి వెళ్లొచ్చినా తిరుగుదారి పొడవునా చూసిందంతా మళ్లీ మొదటి నుంచీ చెప్తుంది. తనతో పాటే చూసొచ్చిన మొగుడికే చెప్తుంది. ఆయన కునుకు తీస్తే ఫోన్లో అక్కకు చెప్తుంది. "ఏం నీళ్లక్కా, ఎంత బాగున్నాయో, ఆ వంతెన మీద నడుస్తుంటే ఉయ్యాల్లో కూర్చున్నట్టే ఉందంటే నమ్ము." అలా చెప్పడం కూడా ఒక విద్యే, ఆవిడకది పుట్టుకతో వచ్చింది. పక్కసీటు గురక పెడుతుంది, ఫోనులో అక్క ఊఁ కొడుతుంది, శ్రద్ధగా వినేది మాత్రం స్టీరింగు పట్టుకున్న పోచయ్య ఒక్కడే.

మొదటిసారి లక్నవరం పోయొచ్చిన రోజు చంద్రమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఎట్లుందయ్యా ఆడ?"

చంద్రమ్మ ఆయన భార్య. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక గాజు టవర్లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. సిద్దిపేట దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇన్నేళ్లయినా పనిచేసే టవరు, ఇల్లు, నెలకోసారి చుట్టాల ఇల్లు తప్ప ఆవిడ చూసిందేమీ లేదు. పార్కింగ్ మంచిగుంది అని పోచయ్య నిజం చెప్పి ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ గరిటె పట్టుకుని అలా ఆశగా చూస్తుంటే ఆ మాట ఆయన నోటి నుంచి రాలేదు. వచ్చినవి సుందరి గారి మాటలు.

"చెర్వు మీద తీగల వంతెన. ఎంత బాగుందోనండీ. నడుస్తుంటె ఉయ్యాల లెక్క ఊగుతది. అవతల దీవి. దీవి మీద నెమళ్లు. చేతుల గింజలు పెట్టుకుంటె వచ్చి తింటయి."

నెమళ్లు సుందరి గారి తమ్ముడి తోటలోవి. ఆ తోట గోదావరి అవతల ఎక్కడో ఉంది. రెండు ముచ్చట్లూ ఒకే ఫోన్లో వచ్చాయి, పోచయ్య అప్పుడే ఒక లారీని దాటుతున్నాడు, ఎక్కడి నెమళ్లు ఎక్కడికి ఎగిరొచ్చి వాలాయో ఆయనకే తెలీదు.

"నువ్వు నడిసినవా ఆ వంతెన మీద?" అంది చంద్రమ్మ.

"నడువకపోతె? జేబుల చేతులు పెట్టుకొని ఇటుకెళ్లి అటు, అటుకెళ్లి ఇటు."

ఇంతే సంగతి. అప్పటి నుంచి ప్రతి ట్రిప్పుకూ ఒక కథ. చంద్రమ్మ ఆ కథల్ని మర్నాడు టవర్లో అన్నాల వేళ తోటి ఆడవాళ్లకు చెప్పేది. చెప్పేటప్పుడు ఆవిడా కాస్త ఉప్పూకారం చల్లేది కాబోలు, కొన్నాళ్లకు ఆ టవరు హౌస్‌కీపింగ్ మొత్తానికి లక్నవరం నెమళ్లంటే పిచ్చి పట్టింది. అందర్లోకి పెద్దది కమలమ్మ, మెట్రో ఎక్కడానికే భయపడే మనిషి, చచ్చేలోపు ఆ నెమలికి ఒక్కసారి తన చేత్తో గింజ పెట్టాలని ఒట్టే పెట్టుకుంది.

"ఈసారి సెలవులకు నిన్ను తోల్కపోత," అని పోచయ్య చంద్రమ్మకు ఏటా చెప్పేవాడు. ఏటా ఆ సెలవుల్లోనే ఏదో ఒక పార్టీ తగిలేది. అందరికీ సెలవులొచ్చినప్పుడే మనకు పని, ఏం చేస్తాం అనేవాడు. మొదట్లో అది నిజమే. తర్వాత్తర్వాత పార్టీ తగలకపోయినా తగిలించుకునేవాడు. చంద్రమ్మను తీసుకెళ్తే తను ఏనాడూ గేటు దాటలేదని తేలిపోతుంది. ఇన్నేళ్లుగా తన కళ్లతో చూశానని చెప్పిన మొగుడు అబద్ధాల పుట్ట అని తెలిసిన రోజు చంద్రమ్మ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోగానే ఫోన్ తీసి ఇంకో పార్టీ ఉందా అని రామచంద్రాన్ని అడిగేవాడు. దొంగతనం చేసినవాడికైనా ఇంత భయం ఉండదు.

డిసెంబరు నెలాఖరు వచ్చింది. ఆ వారం సైబరాబాద్ టవర్ల సంగతి తెలిసిందేగా. సాఫ్ట్‌వేర్ జనమంతా లీవులు పెట్టి ఊళ్లు పట్టి పోతారు. అంతస్తులకు అంతస్తులు దీపాలార్పి ఉంటాయి. కింద లాబీలో క్రిస్మస్ చెట్టు ఒక్కటే వెలుగుతూ ఉంటుంది, దాని చుట్టూ పరిచిన దూది మంచు ఎగిరి మూలమూలకీ చేరుతుంది, అది ఏరేది చంద్రమ్మ వాళ్లే. ఊడవడానికి చెత్త లేదని సూపర్‌వైజరు అందరికీ ఒక రోజు సెలవిచ్చాడు. అన్నాల దగ్గర ఆ కబురు రాగానే అందరూ చంద్రమ్మ వైపే చూశారు.

ఆ సాయంత్రం చంద్రమ్మ కూతురి ముందు కూర్చుంది. కళ్యాణి కొత్తగూడ మాల్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది, తల్లి కంటే రెండాకులు ఎక్కువే చదివింది.

"బాపుకు ఇంట్ల వాళ్లు చెప్తె వినడు గని పార్టీ చెప్తె కాదనడు," అంది కళ్యాణి. "నువ్వే పార్టీ అయిపో."

చంద్రమ్మ మర్నాడే షేర్ ఆటో ఎక్కి కొత్తగూడలో దిగింది. రామచంద్రం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, లక్నవరానికి బండి కావాలంది, డ్రైవరు పోచయ్యే కావాలంది, ఈ సంగతి ఆయనకు తెలియొద్దంది. రామచంద్రం పకపకా నవ్వి బుక్ చేసుకున్నాడు.

సెలవు రోజు తెల్లారకముందే పోచయ్య తెల్లచొక్కా వేసుకుని కొత్తగూడ వెళ్లి బండి తీశాడు. ఎవరో లేడీస్ పార్టీ, పికప్ లొకేషన్ ఫోన్‌కొస్తుంది అన్నారు. వచ్చింది. ఫోన్ ఎటు తిప్పమంటే అటు తిప్పుకుంటూ వచ్చేసరికి బండి సొంత గల్లీ మూలకొచ్చి ఆగింది. అక్కడ రంగురంగుల చీరల్లో ఆడవాళ్లు, చేతుల్లో టిఫిన్ డబ్బాల సంచులు, అందరికంటే ముందు చంద్రమ్మ, పక్కన నవ్వాపుకుంటూ కళ్యాణి.

"ఏంది, ఈడ నిలబడ్డవ్?" అన్నాడు పోచయ్య అద్దం దించి.

"పార్టీ మేమే. డోర్ తియ్."

"పార్టీతోని గట్లనే మాట్లాడుతరా అన్నా," అంది సరిత, ఆ జట్టులో చిన్నది. "మంచిగ గుడ్ మార్నింగ్ చెప్పు."

పోచయ్య దిగి పక్కకు పోయి రామచంద్రానికి ఫోన్ కొట్టాడు. "అన్నా, ఇది మా ఇంటిదే కదనే."

"నా కాడ చంద్రమ్మ అని పేరుంది. మీ ఇంటిదైతేంది, పక్కింటిదైతేంది. పార్టీని పరేషాన్ చెయ్యకు, జల్ది బయల్దేరు," అని రామచంద్రం ఫోన్ పెట్టేశాడు.

పోచయ్య తిరిగొచ్చి డోరు తీశాడు. ఆడవాళ్లు ఎక్కారు. కమలమ్మ ఎక్కుతూ చిన్న గుడ్డసంచి చూపించింది. "తమ్మీ, అన్ని నువ్వే దగ్గరుండి చూపియ్యాలె మాకు. నెమళ్లకని జొన్నలు గూడ తెచ్చిన. తింటయి కదా?"

"తింటయక్కా," అన్నాడు పోచయ్య. ఇంకేమంటాడు.

చంద్రమ్మ వెనక కూర్చోలేదు. ముందు తలుపు తీసుకుని డ్రైవరు పక్క సీట్లో కూర్చుని కొంగు సర్దుకుంది. ఔటర్ ఎక్కగానే వెనక పాటలు మొదలయ్యాయి. ఘట్‌కేసర్ దగ్గర దిగి వరంగల్ రోడ్డు పట్టేసరికి సకినాల డబ్బా మూత తీశారు. సుఖంగా సాగిపోతున్న ఆ ప్రయాణంలో ఏడుపొక్కటే తక్కువైన మనిషి పోచయ్య. టైరన్నా పోతే బాగుండు, ఇంజనన్నా వేడెక్కితే బాగుండు అని దారిపొడవునా కోరుకున్నాడు. తన బండికి రోగం రావాలని మొక్కిన డ్రైవరు ఈయనొక్కడే అయి ఉంటాడు. బండి మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా పరుగెత్తింది.

జనగామ దగ్గర టిఫిన్లకు ఆపాడు. అందర్నీ ముందు గుమ్మం దగ్గర దింపి, బండి పక్కకు పెట్టి, చేతులు కడుక్కుని, అలవాటుగా వెనక్కి నడిచి వంటింటి పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎవరి మీదా అలిగి కాదు, కాళ్లే అటు తీసుకెళ్లాయి. ప్లేటులో వడ పడింది. తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే ఎదురుగా ఉన్న డ్రైవర్లంతా ఒక్కసారిగా చప్పుడు చేయడం మానేశారు. తల తిప్పితే గుమ్మంలో చంద్రమ్మ ఉంది.

"నీ ఇడ్లీ సల్లారుతున్నది," అంది.

"నేనీడ తింట. డ్రైవర్లు ఈడనే తినాలె, పద్ధతి."

చంద్రమ్మ ఆ బల్లను చూసింది. పక్కనే పేర్చిన ఉల్లిగడ్డల బస్తాలను చూసింది. వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "అయితె నేను గూడ ఈడనే తింట. ఇంకో ప్లేట్ పట్టుకరమ్మను."

డ్రైవర్లు గబగబా జరిగి చోటిచ్చారు. ఒకాయనైతే చేతిలో ప్లేటుతో లేచే నిలబడ్డాడు. పోచయ్యకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. వడ అక్కడే వదిలేసి లేచి, చంద్రమ్మనూ లేపి, ఆవిడ వెనకాలే ముందు హాల్లోకి నడిచాడు. ఇన్నేళ్లుగా ఆగుతున్న ఆ హోటలు హాల్లో గోడ పొడవునా రంగు చేపల తొట్టి ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఎండెక్కేసరికి ములుగు దాటి అడవిలో పడ్డారు. లక్నవరం పార్కింగ్ రాగానే పోచయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇది ఆయన రాజ్యం. ఏ వేళకు ఏ చెట్టు నీడ ఎటు జరుగుతుందో తెలిసిన చోటు. బండిని సరిగ్గా వేపచెట్టు కింద నిలిపి, ఆడవాళ్లు దిగగానే బట్ట తీసి అద్దం తుడిచి, సీటు వెనక్కి వాల్చాడు.

"మీరు పోయి రాండ్రి. బండి కాడ మనిషుండాలె," అన్నాడు.

"ఈయనేంది, రాడా?" అంది కమలమ్మ.

"మీరు నడువున్రి, మేమొస్తం," అంది చంద్రమ్మ. ఆడవాళ్లు కళ్యాణిని ముందు పెట్టుకుని గేటు వైపు కదిలారు. చంద్రమ్మ కిటికీ దగ్గరకొచ్చి నిలబడింది.

"సామాన్లున్నయి బండ్ల," అన్నాడు పోచయ్య మళ్లీ.

"ఏం సామాన్లు? సకినాల డబ్బాలా? ఎత్కపోనీ."

"నాకిదంత చూసిందేనాయె."

చంద్రమ్మ కళ్లల్లో నీళ్లు తిరగడం పోచయ్య చూశాడు.

"నేను చెర్వు చూడనీకి రాలేదయ్యా," అంది. "చెర్వులు మా ఊర్ల లేవా? నీతోని నడవనీకి వచ్చిన. పెండ్లయినప్పటి సంది మనమిద్దరం పని లేకుంట, పక్కపక్కకు, ఉట్టిగ నడిసిందే లేదు. ఈ ఒక్కదానికోసం ఆ రామచంద్రం కాడికి పోయి కూసున్న. ఇగ నీ ఇష్టం."

చెయ్యి లోపలికి పెట్టి తాళంచెవి తీసుకుని కొంగున ముడేసుకుంది. గేటు వైపు నడిచింది. తాళంచెవి లేని బండిలో డ్రైవరు కూర్చుని ఏం చేస్తాడు. పోచయ్య దిగి, తువ్వాలు భుజాన వేసుకుని, ఉరికంబానికి నడిచినట్టు వెనకే నడిచాడు.

గేటు దగ్గర మొదటి దెబ్బ తగిలింది. టికెట్లు ఎక్కడిస్తారని సరిత అడిగింది. పోచయ్య ధీమాగా చెయ్యి చూపించిన వైపున్నది మరుగుదొడ్లు. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు, ఆయన కూడా ఎగతాళికే చూపించినట్టు నవ్వాడు. రెండో దెబ్బకు నవ్వు రాలేదు. కమలమ్మ జొన్నల సంచి పైకెత్తి టికెట్లు చింపే ఆయన్నే అడిగేసింది. "బిడ్డా, నెమళ్లు ఏ దిక్కుంటయి?"

"నెమళ్లా?" అన్నాడాయన. "ఈడేడ నెమళ్లమ్మా? ఎవలు చెప్పిన్రు నీకు?"

అందరూ పోచయ్య వైపు తిరిగారు. కమలమ్మ సంచి అలాగే గాల్లో ఉంది. పోచయ్య తువ్వాలుతో చెవుల వెనక తుడుచుకున్నాడు. అయిపోయింది, ఇన్నేళ్ల బండారం ఇక్కడితో బయటపడింది అనుకున్నాడు. చంద్రమ్మ వైపు చూసే ధైర్యం లేక టికెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఈయన చూసినప్పుడు ఉండెనక్కా," అంది చంద్రమ్మ, ఏమీ జరగనట్టు. "ఇంత జనాన్ని చూసి అడివిలకు పోయినయేమొ. దా, వంతెన ఎక్కుదాం."

పోచయ్య నివ్వెరపోయాడు. నమ్మే అందా, కావాలనే అందా అని చంద్రమ్మ మొహంలో వెతికాడు. ఆ మొహం తుడిచిన గాజంత శుభ్రంగా ఉంది, ఏమీ కనబడలేదు.

ఇక వంతెన. ఒడ్డు నుంచి దీవి దాకా ఇనపతీగల మీద వేలాడుతోంది. ఆడవాళ్లు కేరింతలు కొడుతూ ఎక్కేశారు, మెట్రోకు భయపడే కమలమ్మ కూడా సరిత చెయ్యి పట్టుకుని టకటకా వెళ్లిపోయింది. వాళ్ల నడకకు వంతెన ఊగడం మొదలెట్టింది. పోచయ్య ఒక అడుగు వేశాడు. రెండో అడుగూ వేశాడు. కాస్త దూరం పోయాక కిందికి చూశాడు. అంతే, ఇక కాలు కదలనంది.

శ్రీశైలం ఘాటు రోడ్డు మీద వానలో బండి నడిపిన మనిషి. కానీ అక్కడ చేతిలో స్టీరింగు ఉంటుంది, కాలి కింద బ్రేకు ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. రెండు చేతులతో తీగ పట్టుకుని, కన్ను మూసుకుని నిలబడిపోయాడు. వెనక నుంచి వచ్చేవాళ్లు పక్కకు తప్పుకుని పోతున్నారు. ఎదర ఎక్కడి నుంచో కళ్యాణి బాపూ ఇటు చూడు అంటూ ఫోటో తీసింది.

చంద్రమ్మ తిరిగొచ్చి పక్కన నిలబడింది. "జేబుల చేతులు పెట్టుకొని నడువు మరి," అంది మెల్లగా.

పోచయ్యకు ఇక దాచే ఓపిక లేదు. "నేనెన్నడు రాలేదే ఈడికి," అన్నాడు. "పార్కింగ్ దాకనే. ఏ ఊరైనా గంతే. అంత ఆ సుందరమ్మ మేడమ్ చెప్తుంటె విన్న ముచ్చట్లు."

"నాకెరుకే."

పోచయ్య మూసిన కన్ను తెరిచాడు. "ఎప్పటి సంది?"

"మొదటిసారి చెప్పినవ్ సూడు, ఆనాడే. అన్నం తినుకుంట 'ఎంత బాగుందోనండీ' అన్నవ్. మనింట్ల ఎవలయ్యా అండి అనేది? ఇగ వంతెన మీద జేబుల చేతులు పెట్టుకొని నడిసిన అంటివి, ఆడ నవ్వాపుకోలేక సచ్చిన. మిద్దె మెట్లే గోడ పట్టుకొని దిగుతవు నువ్వు."

పోచయ్యకు నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది, అన్నిటికంటే ముందు ఇన్నేళ్లుగా మోస్తున్న బరువేదో దిగిపోయి ఒళ్లు తేలికైంది. "మరి అబద్ధమని తెల్సి గూడ ఎందుకు చెప్పనిచ్చినవే?"

చంద్రమ్మ నీళ్ల వైపు చూసింది. "పొద్దంత ఆ టవరు అద్దాలు తుడుస్త. అద్దం అవతల ఏమున్నదో నాకెవరు చెప్తరు? నువ్వు అలిసొచ్చి, నిద్ర ఆపుకొని, ఎవలియో ముచ్చట్లు నాకోసమని ఏరుకొచ్చి చెప్తుంటివి. ఇంకేం గావాలె అనుకున్న." ఆయన వైపు తిరిగి మళ్లీ అంది. "ఒక్కటే బాధ ఉంటుండె నాకు. ఆ ముచ్చట్లల్ల అందరుంటుండె. మేడముంటుండె, సారుంటుండె, వాళ్ల పిల్లలుంటుండె. నువ్వొక్కనివే లేకుంటివి."

చంద్రమ్మ ఆయన ఒక చేతిని తీగ మీద నుంచి విడిపించి తన చేతిలోకి తీసుకుంది. చీపురూ బకెట్లూ పట్టి కాయలు కాసిన ఆ చెయ్యి పోచయ్యకు స్టీరింగు కంటే గట్టిగా అనిపించింది. వంతెన ఊగుతూనే ఉంది. ఇద్దరూ పక్కపక్కన, ఏ తొందరా లేకుండా, దీవి దాకా నడిచారు.

దీవి ఒడ్డున కమలమ్మ జొన్నల సంచి ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉంది. పోచయ్య వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, నెమళ్లు లేవు. ఉన్నయని నేను ఊకెనే చెప్పిన."

కమలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇంటికాడ చెప్తే నీ సొమ్మేం పోయిందిరా? ఇంత దూరం మోసుకొస్తి," అని ఒక పిడికెడు జొన్నలు తీసి విసురుగా నీళ్లల్లోకి కొట్టింది. నీళ్లు ఒక్కసారి కదిలాయి. ఎక్కడి నుంచొచ్చాయో, చేపలు గుంపులు గుంపులుగా నోళ్లు తెరుచుకుని ఒడ్డుకొచ్చేశాయి. కమలమ్మ ఇంకో పిడికెడు వేసింది. మరికొంచెం వంగి, చేతిలో గింజలు పెట్టుకుని నీళ్లల్లో ముంచింది. చేపలు వేళ్ల సందుల్లో పొడుచుకు తింటుంటే ఆవిడ చిన్నపిల్లలా నవ్వడం మొదలెట్టింది. సంచి ఖాళీ అయ్యేదాకా అక్కడి నుంచి లేవలేదు. ఆ తర్వాత అందరూ బోటెక్కారు, పులిహోర తిన్నారు, పోచయ్య చేత కూడా బలవంతంగా ఫోటోలు దిగించారు. బండి సంగతి ఆయనకు పొద్దు వాలేదాకా గుర్తుకు రాలేదు.

తిరుగుదారిలో చంద్రమ్మ మళ్లీ ముందు సీట్లోనే కూర్చుంది. హన్మకొండ దాటేసరికి చీకటి పడుతోంది. వెనక కొందరు కునుకు తీస్తున్నారు. కమలమ్మ మాత్రం ఫోన్లో కోడలికి పొద్దుటి నుంచీ జరిగిందంతా మొదటి నుంచీ చెప్తోంది. నీళ్లు ఎంత నీలంగా ఉన్నాయో, చేపలు ఎలా వచ్చాయో, బోటు ఎలా తిరిగిందో. పోచయ్య అలవాటుగానే చెవి అటు పడేసి రోడ్డు చూస్తున్నాడు.

"ఇగ మా పోచయ్య తమ్మి ముచ్చట ఇను," అంది కమలమ్మ. "వంతెన నడిమిట్ల నిలవడ్డడు. రెండు చేతుల తీగ వట్టుకొని, రెండు కండ్లు గట్టిగ మూసుకున్నడు. కదులడు, మెదులడు. చంద్రమ్మ పోయి చెయ్యి వట్టుకొని నడిపియ్యాల్సొచ్చె."

పోచయ్య స్టీరింగు మీద చేతులు సర్దుకున్నాడు. ఇన్నేళ్లుగా వెనక సీట్లలో నుంచి ఎన్ని ఊళ్ల ముచ్చట్లు విన్నాడో. వాటిల్లో తన పేరు వినబడటం ఇదే మొదలు. అద్దంలో కమలమ్మ కనబడుతోంది. పక్కన చంద్రమ్మ తననే చూస్తోందని తల తిప్పకుండానే తెలుస్తోంది. వెనక మాటల్లో డ్రైవరు నోరు పెట్టకూడదు, అది అన్నిటికంటే గట్టి పద్ధతి.

"రెండు కాదక్కా," అన్నాడు పోచయ్య. "ఒక్క కన్నే మూసిన. రెండోదాంతోని చెర్వు చూసిన."